పొద్దున ఒకటి, రాత్రి ఒకటి
(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు చేసిన ప్రసంగం, కోహీర్)

నాకు ఇచ్చిన అంశం ఆరోగ్యం, పోషణ. ప్రతి ఏడు ఈ అంశం మీద ఎవరో ఒకరు మాట్లాడుతనే ఉన్నరు. రక్తహీనత, ఐరన్ మాత్రలు, చేతులు కడుక్కోవడం. అవన్నీ మనకు నోటికి వచ్చినయి. ఈసారి నేను ముఖానికి పూసుకునే సీరంల గురించి మాట్లాడుతా అంటే సీసీ మేడం నవ్వింది. "అక్కా, అది ఆరోగ్యం కిందికి వస్తదా, సోకు కిందికి వస్తదా?" అని అడిగింది. రెండిటి కిందికి వస్తది మేడం, మూడోది అప్పు కిందికి కూడ వస్తది అని చెప్పిన. అందుకే మాట్లాడుతున్న.

ముందు నా ముఖం సంగతి చెప్త. నాకు రెండో కాన్పు తర్వాత రెండు బుగ్గల మీద, ముక్కు మీద మంగు వచ్చింది. ఇక్కడ కూసున్నోళ్లల్ల చానా మందికి ఉన్నదని నాకు కనిపిస్తనే ఉన్నది. మంగు అంటే పాపం కాదు, రోగం కాదు. గర్భం వచ్చినప్పుడు ఒంట్లో అయ్యే మార్పులు, ఎండ, కొంతమందికి గర్భం రాకుండ వేసుకునే మాత్రలు, ఇంకొంతమందికి తల్లి నుంచి వచ్చిన గుణం. ఇవన్నీ కలిసి చర్మంల నల్ల రంగు ఎక్కువ తయారైతది. పత్తి చేన్ల, కంది చేన్ల పొద్దంతా వంగి పని చేసే మనకు ఎండ తప్పదు కాబట్టి మంగు పోయినట్టే పోయి మళ్లా వస్తది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. మా ఆడబిడ్డ పెండ్లి ఫొటోల నా ముఖం చూసుకుంటే ఎవరో వేరే మనిషి లెక్క ఉన్న.

ఆ రోజులల్లనే మా సంఘంల ఒక చెల్లె పదిహేను వేల అప్పు కావాలని వచ్చింది. దేనికమ్మా అంటే వ్యాపారం అన్నది. ముఖానికి పూసుకునే సీరంలు, క్రీములు ఒక కిట్టు లెక్క వస్తయట. అవి తెచ్చి ఊర్ల అమ్మితే సగానికి సగం లాభమట. ఇంకో ఇద్దరిని చేర్పిస్తే వాళ్ల అమ్మకంల కూడ కమిషన్ అట. ఫోన్ల వీడియోలు చూపించింది. నేను సంఘం లీడర్‌ను. అడగాల్సినవి అడగాలె. ఆ సరుకు ఎవరు తయారు చేస్తున్నరు, అమ్ముడు పోకపోతే వాపసు తీసుకుంటరా, మన ఊర్ల ఎంతమంది కొంటరు, ఇవేవీ అడగలే. ఆమె ఫోన్ల ఒకామె ముఖం ముందు ఎట్ల ఉండె, తర్వాత ఎట్ల అయ్యె అన్న ఫొటో చూసి నా కన్ను అక్కడనే ఆగింది. మినిట్స్ పుస్తకంల "చిరు వ్యాపారం నిమిత్తం" అని రాయించి సంతకం పెట్టిన. ఆ కిట్టుల మొదటి గిరాకిని కూడ నేనే.

రెండు చిన్న బుడ్లు కొన్న. ఒకటి విటమిన్ సి సీరం, ఇంకోటి రెటినాల్ సీరం. ఆమెకు నేర్పినోళ్లు ఏం చెప్పిండ్రో ఆమె నాకు అదే చెప్పింది. రెండూ అరచేతుల కలిపి రాత్రి పండుకునేటప్పుడు పూసుకోవాలె, పొద్దున లేచినంక మళ్లా పూసుకోవాలె, పదిహేను రోజులల్ల మంగు పోతదని. డిసెంబర్ నెల. చలికాలం వచ్చిందంటే పేపర్లల్ల మన కోహీర్ పేరు వస్తదని మీకు తెలుసు, అంత చలి. మామూలుగనే పెదవులు పలిగి, చెంపలు గీసుకపోతయి. ఆ చెంపల మీద నేను రోజుకు రెండు పూటలు, రెండు మందులు కలిపి రుద్దిన.

మూడో రోజు నుంచి మంట. నాలుగో రోజు పొట్టు లేచింది. ఆమెకు చెప్తే "పాత చర్మం పోతున్నదక్కా, కొత్తది వస్తది, ఆపొద్దు" అన్నది. ఆమె అబద్ధం చెప్పలే, ఆమెకు చెప్పింది ఆమె చెప్పింది. వారం రోజులకు ముఖం కాలిన రొట్టె లెక్క అయింది. పొయ్యి కాడికి పోతే మంట, చెమట వస్తే మంట. అప్పుడు నేను చేసిన రెండో తప్పు ఏందంటే, మెడికల్ షాపుకు పోయి మంటకు ఏదన్న ఇయ్యుమన్న. చీటీ అడగకుండనే ఒక చిన్న ట్యూబు ఇచ్చిండ్రు. పూసుకుంటే రాత్రికి రాత్రే మంట బంద్. వారంల ముఖం తెల్లగ, నున్నగ అయింది. మంగు కూడ సగం కనిపించలే. మా ఆయన కూడ "ఏం చేసినవ్" అని అడిగిండు. నేను సంబరపడి ఆ ట్యూబు ఇంకో నలుగురికి చెప్పిన. ఇది చెప్పడానికి నాకు సిగ్గు అనిపిస్తున్నది కానీ చెప్పాలె. లీడర్ చెప్తే పది మంది వింటరు కదా.

రెండు నెలలు పూసిన. ఒక పూట పూయకపోతే ముఖం ఎర్రగ అయ్యేది. బుగ్గల మీద సన్నసన్న ఎర్ర నరాలు కనిపించినయి, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు. పదో తరగతిల కూడ నాకు మొటిమలు రాలే. అప్పుడు జహీరాబాద్‌కు పోయి చర్మం డాక్టరమ్మకు చూపించిన. ఆమె నా చేతుల ట్యూబు తీసుకొని, డబ్బా తిప్పి, సన్న అక్షరాలు చదివి, "దీన్ల స్టెరాయిడ్ ఉన్నదమ్మా" అన్నది. మోమెటాసోన్ అని రాసి ఉన్నది. దాంతో పాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్. ఈ మూడు కలిసిన మందును మంగుకు డాక్టర్లే రాస్తరు, కాకపోతే కొన్ని వారాలకే, మధ్యల చూసుకుంట. మనం చీటీ లేకుండ నెలలకు నెలలు పూస్తే చర్మం పలచబడుతది, ఆపంగనే తిరగబడుతది. 2018ల కేంద్ర ప్రభుత్వం చర్మానికి పూసే 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండ అమ్మొద్దని ఆదేశం ఇచ్చింది. ఆదేశం ఉన్నది, ట్యూబు మాత్రం నాకు చీటీ లేకుండనే దొరికింది.

ఇంకో మాట. ట్రెటినాయిన్ అంటే రెటినాల్‌కు అన్న లాంటిది. రెండూ విటమిన్ ఏ కుటుంబమే, ట్రెటినాయిన్ బలమైంది, మందు కింద లెక్క. అంటే నేను రెటినాల్ పూసి ముఖం కాల్చుకొని, ఆ మంట తగ్గడానికి దాని అన్నను తెచ్చి పూసుకున్న. స్టెరాయిడ్ ఉన్నది కాబట్టి మంట తెలవలే.

డాక్టరమ్మ ఓపికగల మనిషి. నేను సంఘంల చెప్పాలె, నాకు వివరంగ చెప్పుండ్రి అంటే కాగితం మీద రాసి చెప్పింది. ఆమె చెప్పింది, తర్వాత నేను అడిగి తెలుసుకున్నది, నాకు అర్థమైనంత వరకు చెప్త.

రెటినాల్ అన్న పేరు వినంగనే ఏదో అమెరికా సరుకు అనుకుంటం. మన అంగన్‌వాడీల పిల్లలకు ఆరు నెలలకు ఒకసారి చెంచాతో పోసే పచ్చటి మందు ఉన్నది చూడండి, విటమిన్ ఏ. తొమ్మిదో నెలల లక్ష యూనిట్లు, తర్వాత ఐదేండ్ల దాక ఆరు నెలలకు ఒకసారి రెండు లక్షల యూనిట్లు, మొత్తం తొమ్మిది మోతాదులు. అది రేచీకటి రాకుండ, కండ్లు పోకుండ. ఆ కార్యక్రమం మన దేశంల 1970ల మొదలైంది, దానికి ముందు ఊర్లల్ల పరీక్ష చేసి చూసింది మన హైదరాబాద్ తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు. ఆ మందుల ఉన్నది, ఈ సీరంల ఉన్నది ఒకటే జాతి. నోట్ల పోసే దానికి లెక్క ఉన్నది, ఏఎన్ఎం అక్క కార్డు మీద రాసుకుంటది. ముఖానికి పూసే దానికి మాత్రం మనం లెక్క పెట్టం. అరచేతుల ఎంత పడితే అంత.

రెటినాల్ చర్మంలకు పోయినంక వేరే రూపంగ మారి పని చేస్తది. పై పొర తొందర తొందరగ రాలిపోయి కొత్త పొర వచ్చేటట్టు చేస్తది. అందుకే పొట్టు లేస్తది, ఎండకు చర్మం తట్టుకోదు. వెలుతురు తగిలితే ఆ మందు కూడ పాడైతది. అందుకే దాన్ని రాత్రి పూటనే పూయాలె. ఎంత? బఠాణీ గింజంత. ముఖం మొత్తానికి ఒక్క బఠాణీ గింజంతే. ముఖం కడిగి, తుడిచి, పూర్తిగ ఆరినంక. మొదట వారానికి రెండు రాత్రులు. చర్మం తట్టుకుంటే మూడు. దాని మీద మామూలు తేమ క్రీము. కంటి చుట్టూ, పెదవుల మూలలకు, ముక్కు పక్కల మడతలకు పూయొద్దు. ఫలితం పదిహేను రోజులల్ల రాదు, మూడు నెలలు పడుతది. పదిహేను రోజులల్ల ముఖం తెల్లగైందంటే దాన్ల ఇంకేదో ఉన్నదని అనుమానపడాలె.

విటమిన్ సి వేరే తీరు. దాన్ని పొద్దున పూస్తరు. ఎండ వల్ల చర్మంల జరిగే నష్టాన్ని కొంత అడ్డుకుంటది, నల్ల రంగు తయారయ్యేది కొంత తగ్గిస్తది. అది పుల్లని పదార్థం, నిమ్మరసం జాతి పులుపు. సీరం పని చేయాలంటే ఆ పులుపు ఉండాలె, అందుకే కొందరికి చురచుర అంటది. నూటికి పది నుంచి ఇరవై పాళ్ల దాక పని చేస్తది, ఇరవై దాటితే లాభం పెరగదు, మంటనే పెరుగుతది. నా బుడ్డి మీద పెద్ద అక్షరాలతో 30 అని రాసి ఉండె. నేను ముప్పై అంటే ఇరవై కన్న మంచిదే అనుకున్న! ఇంకోటి, ఇది గాలికి, వెలుతురుకు నిలువదు. కోసిన వంకాయ గాలికి నల్లబడ్డట్టు ఇది కూడ రంగు మారుతది. నీళ్ల లెక్క తెల్లగ ఉండాల్సింది ముదురు పసుపు, ఇటుక రంగు తిరిగితే దాని పని అయిపోయింది. మా చెల్లె బీరువాల మిగిలిన బుడ్లు మూడు నెలలకే చాయ రంగుకు వచ్చినయి. కిటికీ కాడ, స్నానాల గదిల పెట్టొద్దు. మూత గట్టిగ పెట్టి చల్లగ, చీకటిగ ఉన్న చోట పెట్టాలె.

ఇగ అసలు ప్రశ్న. రెండు కలిపి వాడొచ్చా? రెండూ కలిస్తే విషమైతది అని కొంతమంది అంటరు, అది తప్పు. రెండూ ఒకే డబ్బాల కలిపి అమ్మే క్రీములు కూడ ఉన్నయి. రెండూ ఒకరి మీద ఒకరు కొట్లాడవు. కొట్లాట మన చర్మంతోనే. ఒకటి పుల్లటిది, ఒకటి పొట్టు లేపేది. అలవాటు లేని చర్మం మీద రెండూ ఒకేసారి, రెండు పూటలు పెడితే పైన ఉండే కాపు పోతది. గట్టు తెగిన మడిల నీళ్లు ఆగుతయా? అట్లనే చర్మంల తేమ ఆగదు, బయటి నుంచి ఏది తగిలినా మంటనే. అందుకే పొద్దున సి, రాత్రి ఏ. ఇంకా ముఖ్యం, రెండూ ఒకే వారంల మొదలు పెట్టొద్దు. ఒకటి మొదలు పెట్టి నెల రోజులు చూసి, అప్పుడు రెండోది. లేకపోతే మంట వస్తే ఏ బుడ్డి వల్ల వచ్చిందో ఎట్ల తెలుస్తది? మన పశువులకు కొత్త దాణా పెట్టేటప్పుడు కొంచెం కొంచెం కలుపుతం కదా, మన ముఖానికి ఆ మర్యాద కూడ ఇయ్యలే నేను. చెవి వెనకనో, మోచేతి మడతలనో రెండు మూడు రోజులు పూసి చూస్తే కూడ చానా వరకు తెలుస్తది.

ఈ రెండిటి కన్న ముందు ఎండ కాపు. మంగు ఉన్నోళ్లు సీరంకు వెయ్యి రూపాయలు పెట్టి ఎండల తల మీద కొంగు కూడ లేకుండ పోతే ఆ వెయ్యి రూపాయలు మూసీల పోసినట్టే. సన్‌స్క్రీన్ 30 గాని అంతకన్న ఎక్కువ గాని, రెండు వేళ్ల పొడుగంత, బయట ఉంటే రెండు మూడు గంటలకు ఒకసారి పూయాలంటరు. చేన్ల పనిచేసే మనకు అది అయ్యే పనా? నేను డాక్టరమ్మను అదే అడిగిన. ఆమె నవ్వి, పొద్దున ఒకసారి పూసుకో, తర్వాత వెడల్పు టోపీ గాని, దట్టమైన రుమాలు గాని కట్టుకో, కూలీల గెట్లు అందరూ కట్టుకుంటరో అట్లనే అన్నది. కూలీకి పోయే అక్కలు ముఖానికి రుమాలు ఎందుకు కట్టుకుంటరో నాకు అప్పుడు బాగ అర్థమైంది. వాళ్లకు ముందు నుంచే తెలుసు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనియ్యని విషయం చెప్త.

మా చెల్లె దగ్గర ఆ రెటినాల్ బుడ్డి కొన్నోళ్లల్ల కొత్తగ పెండ్లయిన ఒక పిల్ల ఉన్నది. నేను ఆ డాక్టరమ్మ కాడ కూసున్నప్పుడు, ఆమె కాగితం మీద రాసుకుంట రాసుకుంట, "గర్భిణీలు రెటినాల్ పూయొద్దు, గర్భం కోసం చూస్తున్నోళ్లు కూడ పూయొద్దు, ఇది మీ మీటింగుల తప్పకుండ చెప్పు" అన్నది. నా గుండె ఆగినట్టయింది. విటమిన్ ఏ జాతి మందులు నోట్ల వేసుకునేవి ఉన్నయి, మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ లాంటివి. అవి గర్భంల వేసుకుంటే బిడ్డకు లోపాలు వస్తయని బాగ తెలిసిన సంగతి. పూసేది రక్తంలకు చానా తక్కువ పోతది, అయినా ముఖం రంగు కోసం ఆ మాత్రం రిస్కు ఎందుకని డాక్టర్లు వద్దనే చెప్తరు. ఆ పిల్లకు అప్పటికి రెండో నెల నడుస్తున్నది. బస్సు దిగి ఇంటికి పోలే, సీదా వాళ్ల ఇంటికి పోయిన. వాళ్ల అత్త వాకిట్ల కూసోని ఉన్నది. అత్త ముందట ఎట్ల చెప్పాలె? ఆ పిల్ల మొగునికి తెలవకుండ కొన్నది, నాకు తెలుసు. "పొదుపు పుస్తకం సంతకం ఉన్నది, ఒకసారి ఇటు రా చెల్లె" అని పక్కకు పిలిచి చెప్పిన. ఆ పిల్ల ముఖం తెల్లబడ్డది. ఏడ్వలే, ఏమనలే. లోపటికి పోయి బుడ్డి తెచ్చి నా చేతుల పెట్టింది. సగం అయిపోయి ఉన్నది.

ఆశా అక్కను తోలుకొని ముగ్గురం దవాఖానకు పోయినం. అక్కడి డాక్టర్, బయట పూసింది కాబట్టి అంత భయపడే పని లేదు, వెంటనే ఆపండి, స్కాన్లు టైముకు చేయించుకోండి అన్నరు. ఐదో నెల టిఫా స్కాన్ రిపోర్టు వచ్చే దాక నేను మా సంఘం మీటింగుల ఆ పిల్ల ముఖం దిక్కు చూడలేకపోయిన. రిపోర్టు బాగనే వచ్చింది. ఆ రోజు ఆ పిల్ల మీటింగుకు లడ్డూలు తెచ్చింది. ఎందుకో ఎవరికీ చెప్పలే, మాకు ఇద్దరికే తెలుసు. ఇప్పుడు ఆ పిల్ల అనుమతి తీసుకునే చెప్తున్న, పేరు చెప్పొద్దన్నది. బుడ్డి డబ్బా మీద గర్భిణీల గురించి ఉన్నదా అని చూసిన. ఉన్నది. ఇంగ్లీషుల, చీమ తలకాయంత అక్షరాలల్ల.

మన ఆడోళ్లం దీని వెంబడి ఎందుకు పడుతున్నం అంటే ఊరికే సోకు కాదు. పెండ్లి చూపులల్ల పిల్ల తెలుపా, చామనచాయనా అని ఇప్పటికీ అడుగుతున్నరు. నేను కూడ మా తమ్మునికి పిల్లను చూసేటప్పుడు అడిగిన, అబద్ధం ఎందుకు చెప్పాలె. మన చిన్నప్పటి నుంచి ప్రతి కిరాణా దుకాణంల వేలాడిన ఫెయిర్ అండ్ లవ్లీ 1975ల వచ్చింది. 2020ల దాని పేరుల ఫెయిర్ తీసేసి గ్లో అని పెట్టిండ్రు. పేరు మారింది కానీ పెండ్లి చూపుల ప్రశ్న మారలే. ఆ ప్రశ్న ఉన్నంత కాలం ఎవరో ఒకరు ఏదో ఒక డబ్బా అమ్ముతనే ఉంటరు. అవి కూడ ఎట్లాంటి డబ్బాలో చూడండి. 2023ల కేరళల మలప్పురం జిల్లా కొట్టక్కల్‌ల కిడ్నీ డాక్టర్లు, కిడ్నీ దెబ్బతిని వచ్చిన కొందరు రోగులు తెల్లబడే క్రీములు వాడుతున్నట్టు గుర్తించిండ్రు. ఆ క్రీములను పరీక్ష చేస్తే పాదరసం ఉన్నదని తేలింది. తయారు చేసినోళ్ల పేరు, అడ్రసు సరిగ లేని డబ్బాలు అవి. ముఖానికి పూస్తే కిడ్నీ పోతదని ఎవరు అనుకుంటరు?

అందుకే డబ్బా చదవడం నేర్చుకుందాం. తయారు చేసినోళ్ల పేరు, అడ్రసు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ ఉండాలె. లోపల ఏమేం ఉన్నయో రాసి ఉండాలె. ట్యూబు మీద ఎర్ర గీత గాని, షెడ్యూల్ హెచ్ అన్న మాట గాని ఉంటే అది డాక్టర్ రాసే మందు, సోకు సామాను కాదు. పేరు చివర "సోన్", "సోల్" అని వస్తే, బెటామెథాసోన్, మోమెటాసోన్, క్లోబెటాసోల్ లాంటివి, అవి స్టెరాయిడ్లు. మన ఇంట్ల చదువుకునే బిడ్డలు ఉన్నరు, వాళ్లతో చదివించుకోవచ్చు. నేను మా పెద్ద బిడ్డతోనే చదివించుకున్న. ఆమె తొమ్మిదో తరగతి, నాకన్న గట్టిగ చదువుతది. చదివి, "అమ్మా, నువ్వు కొనేముందు ఎందుకు చదివించలే?" అన్నది.

కొంతమంది అక్కలు అడుగుతరు, ఈ బుడ్లు వద్దు, జామపండు గుజ్జు, నిమ్మకాయ ముఖానికి రుద్దుకుంటే సరిపోదా అని. నిమ్మకాయ రుద్దుకొని ఎండలకు పోతే చర్మం కాలి నల్ల మచ్చలు పడుతయి, అది చేయొద్దు. జామపండు ముఖానికి కాదు, కడుపుకు. మన కోహీర్ జామ గురించి నేను చెప్పాల్సిన పని లేదు, మన ఎర్ర నేలల పండే ఆ పండు కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి అడుగుతరు. వంద గ్రాముల జామల రెండు వందల మిల్లీగ్రాములకు పైనే విటమిన్ సి ఉంటది. ఒక ఆడమనిషికి రోజుకు కావాల్సింది 65 మిల్లీగ్రాములు. అంటే ఒక్క కాయతో మూడు రోజుల లెక్క. మనం మంచి కాయలన్నీ గంపలకు ఎత్తి అమ్ముతం, ఇంట్ల పిల్లలకు గువ్వలు కొట్టినయి పెడతం. విటమిన్ ఏ కోసం మునగాకు, పుంటికూర, గంగవాయిలి, చేన్ల కలుపు తీస్తుంటే దొరికే తుమ్మికూర, జొన్నచెంచలి ఉన్నయి. పస్తాపూర్ డీడీఎస్ సంఘాల అక్కలు సంక్రాంతి టైంల చేసే పాతపంటల జాతరల ఎన్ని రకాల ఆకుకూరలు పెడతరో చూసినోళ్లకు తెలుసు. ఆకుకూరల ఉన్న విటమిన్ ఏ ఒంటికి పట్టాలంటే కొంచెం నూనె పడాలె. అయితే ఒక మాట సాఫ్‌గ చెప్త, జామ తింటే మంగు పోదు. నేను రోజూ తింటున్న, నా మంగు ఉన్నది. తింటే రక్తం పడుతది, ఐరన్ మాత్ర బాగ పట్టుతది, ఒంటికి మంచిది. ముఖం మీది మచ్చకు అది మందు కాదు.

నా ముఖం ఇప్పుడు ఎట్లున్నది అని మీరు అడుగుతరు, దగ్గర కూసున్నోళ్లకు కనిపిస్తనే ఉన్నది. ఎర్రటిది తగ్గడానికి ఎనిమిది నెలలు పట్టింది. మంగు తక్కువైంది కానీ పోలే. డాక్టరమ్మ చెప్పినట్టు పొద్దున సన్‌స్క్రీన్, రుమాలు. చర్మం కుదుట పడ్డంకనే విటమిన్ సి మొదలు పెట్టిచ్చింది, పది పాళ్లది. రెటినాల్ నాకు వద్దన్నది, ఇంకో ఏడాది చూద్దామన్నది. సరే అన్న.

ఇగ అప్పు సంగతి. ఆ చెల్లె పదిహేను వేలు పెట్టి తెచ్చిన సరుకుల సగం కూడ అమ్ముడు పోలే. నా ముఖం చూసినంక ఎవరు కొంటరు! వాపసు తీసుకోమని ఫోన్ చేస్తే ఎత్తలే. ఆమె మొగుడు కొట్టినంత పని చేసిండు. ఆమె సంఘం మానేస్త అన్నది. నేను, ఇద్దరు సభ్యులం పోయి కూసొని మాట్లాడినం. అప్పు ఇచ్చింది సంఘం, సంతకం పెట్టింది నేను, కొన్న మొదటి మనిషిని నేను. తప్పు నీ ఒక్కదానిది అని ఎట్ల అంటం? వడ్డీ మాఫీ చేయాలని కొందరు, చేయొద్దని కొందరు. మూడు మీటింగులు గొడవ అయింది. చివరికి వడ్డీ నేను కడతా అన్న, అసలు ఆమె నెలకు ఐదు వందలు కడుతున్నది. ఇంకా 6,500 బాకీ ఉన్నది. బ్యాంకు లింకేజీ గ్రేడింగ్‌ల ఆ బాకీ మాకు దెబ్బ కొట్టింది, అది కూడ ఈ సభల ఒప్పుకుంటున్న. ఇప్పటికీ ఇద్దరు సభ్యులు నాతోని సరిగ మాట్లాడరు. వాళ్ల కోపంల న్యాయం ఉన్నది.

ఆ తర్వాత మా గ్రామ సంఘంల ఒక తీర్మానం చేసుకున్నం. ముఖానికి పూసేవి గాని, బలానికి తాగే పొడులు గాని, ఏవైనా తెచ్చి అమ్మే వ్యాపారానికి అప్పు అడిగితే, ముందు ఆ సరుకు డబ్బా మీటింగుల పెట్టాలె, ఎవరన్న ఒకరు బయటికి చదవాలె, అమ్ముడు పోనిది వాపసు తీసుకుంటరని కాగితం చూపించాలె, అప్పు అడిగినామె కొనేముందు ఏఎన్ఎం గాని, డాక్టర్ గాని చూసి ఉండాలె. ఇంకోటి, చేర్పిస్తే కమిషన్ అన్న వ్యాపారానికి అప్పు లేదు. ఈ తీర్మానం మండల సమాఖ్యల అన్ని గ్రామ సంఘాలు పెట్టుకోవాలని నా ప్రతిపాదన. అధ్యక్షురాలు గారు ఈ రోజు ఎజెండల చేర్చిండ్రు, దాని మీద మీరు చర్చించండి. కాదన్నా పర్వాలేదు, ఎందుకు కాదో చెప్పండి.

నా సంచిల ఆ రెండు బుడ్లు, ఆ ట్యూబు తెచ్చిన. భోజనాల కాడ పెడత, పట్టుకొని చూడండి, ఎవరూ పూసుకోకండి. మీ ఇంట్ల ఉన్న డబ్బాల ఫొటోలు ఫోన్ల ఉంటే తీసుకొని రండి, మా బిడ్డ కూడ వచ్చింది, అందరం కలిసి చదువుదాం. నెల తప్పినోళ్లు ఎవరన్న ఇవి వాడుతుంటే అందరి ముందట చెప్పాల్సిన పని లేదు, నన్ను పక్కకు పిలవండి.